మూగపెట్టెయు మూడు తీగలును

ఈ సంచికయందు పెద్దలు పలువురు కవులను గుఱించియు, క్షేత్రములను గుఱించియు, పండుగలను గుఱించియు వ్రాయుచున్నారు. ఆ పంక్తిలో కూర్చుండుటకు మాకు పాండిత్యము లేదు. మెట్రిక్యులేషను వఱకు చదివి, ముప్పదియేడు సంవత్సరములు గుమాస్తాగిరి చేసి, ఇన్‌వర్డు ఔట్‌వర్డు రిజిస్టర్లు వ్రాసి విశ్రాంతి పొందినవారము మేము. అయినను కార్యదర్శిగారు మమ్ము వదలలేదు. మన పుస్తకముల పెట్టె మరల పలికిన సంగతి మీరు వ్రాయకున్న మఱెవ్వరు వ్రాయుదురని పట్టుబట్టిరి. ఇది యంత్రమును గుఱించిన మాటయే యైనను, మన భాషను గుఱించిన మాట కూడ నగునని తోచుటచే ఈ నాలుగు పుటలు నింపుటకు సాహసించుచున్నాము. సాంకేతిక పదములు కొన్ని తప్పవు. వానిని ఒక గుమాస్తాకు బోధపడిన రీతిగనే చెప్పెదము.

మన ప్రాంతపు చరిత్ర పాఠకులకు క్రొత్త కాదు. కోరాపుట్టు, రాయగడ, గుణుపురము, జయపురము, ఇవన్నియు 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒడిశా ప్రత్యేక రాష్ట్రముగా ఏర్పడువఱకు మద్రాసు రాజధానిలోని విశాఖపట్టణము జిల్లాకు చేరియుండెను. 1992 అక్టోబరు 2వ తేదీన రాయగడ వేఱు జిల్లా యైనది. జయపురాధీశులగు శ్రీ విక్రమదేవవర్మగారు ఒడియా, తెలుగు భాషలు రెండింటను ఆదరించి, ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ఏటేట లక్ష రూపాయలు దానము చేసిరి. ఆ విశ్వవిద్యాలయపు శాస్త్ర సాంకేతిక కళాశాలకు ఆ మహారాజు పేరే పెట్టిరి. సరిహద్దు గీత మారినది గాని మన యిండ్లు కదలలేదు. ఇంట తెలుగు, బడిలో ఒడియా, సంతలో దేశియా, కొండ దిగి వచ్చిన కంధులతో కువి మాటలు నాలుగు, ఇట్లు నోటికి నాలుగు వాకిళ్లు పెట్టుకొని బ్రదికినవారము మనము.

మా తెలుగు సమాజమునకు ఆస్తి యనదగినది ఒక చిన్న గ్రంథాలయము, రెండు బీరువాల కాగితములు. ఆ కాగితములలో నేమున్నవి? ఉగాది సభల కార్యక్రమములు, దసరాకు ఆడిన నాటకముల చేతివ్రాత ప్రతులు, వేషధారుల జాబితాలు, చందాల పద్దులు, బడిలో తెలుగు పంతులును వేయుడని అధికారులకు పెట్టుకొన్న అర్జీల నకళ్లు, శుభలేఖలు, పాత ఛాయాచిత్రములు. పండితులకు వీనిలో విలువ కానరాకపోవచ్చును. కాని మా తాతగారు ఏ యూరినుండి వచ్చిరని అడుగు పిల్లవానికి సమాధానము ఆ చందాల పద్దులలోనే గలదు.

2017లో యువకులు కొందఱు ఆ కాగితములన్నియు స్కాను చేసి, అరచేతిలో నిముడు ఒక చిన్న కంప్యూటరు పెట్టెలో భద్రపఱచిరి. మూలప్రతులను గుణుపురమందలి ఒక సభ్యుని యింట నుంచిరి. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను పలాస యొద్ద తీరము దాటినది. ఆ వానలకు వంశధార పొంగి, ఆ యింటిలోనికి నీరు వచ్చినది. బీరువాలలోని కాగితము చాలవఱకు బురదముద్ద యైనది. నాటినుండి మిగిలిన ప్రతి ఆ పెట్టెలోనిది యొక్కటియే. రెండవ ప్రతి తీయవలెనని సభలో తీర్మానమైనది గాని, తీర్మానములు మినిట్సు పుస్తకమునుండి బయటికి వచ్చుటకు కాలము పట్టునని పాఠకులెఱుగుదురు.

2023 వర్షకాలమున ఒకనాటి సాయంకాలము విద్యుత్తు పోయి వచ్చి, మరల పోయి వచ్చినది. ఆ తరువాత పెట్టె పలుకుట మానినది. ఎఱ్ఱదీపము వెలుగును, అంతకు మించి యేమియు లేదు. గ్రంథాలయపు కంప్యూటరునుండి ఎన్నిసార్లు పిలిచినను బదులు లేదు. సముద్రతీరపు నగరములోని యొక దుకాణమునకు పంపగా, పలక పోయినది, లోని జ్ఞాపకపు చిప్పు పలకకే టంకము వేసి అతికించినదగుటచే దానిని ఊడదీసి చదువుట మావలన కాదు, క్రొత్తది కొనుడని చెప్పి తిరిగి పంపిరి. కార్యవర్గమున చర్చ జరిగినది. కోశాధికారిగారు క్రొత్తదానికి ధర కనుగొని వచ్చిరి. వృద్ధసభ్యులొకరు మాత్రము, “కొత్తది కొనవచ్చు నాయనా, అందులో మన తాతలు ఉండరు గదా” అనిరి. ఆ మాటతో చర్చ ఆగినది. పెట్టె నాలుగు నెలలు అలమరలోనే యుండెను.

మా చెల్లెలి కుమారుడు కోరాపుట్టున ఉద్యోగము చేయుచున్నాడు. ఇంజనీరింగు చదివినవాడు, ఇటువంటి చిన్న పలకలతో పని చేయుట వాని వృత్తి. సంక్రాంతికి మా యింటికి వచ్చినపుడు పెట్టె సంగతి చెప్పితిమి. వాడు దానిని త్రిప్పి చూచి, “మామయ్యా, దీనికి ప్రాణం పోయిందని ఎవరు చూసి చెప్పారు?” అని యడిగెను. దుకాణమువారు అంటిమి. “వాళ్లు నెట్‌వర్కు వైపునుంచి పిలిచి చూశారు. ఇది పూర్తిగా లేస్తేగాని ఆ వైపు పలకదు. దీని అసలు నోరు లోపల వుంటుంది. ముందు అక్కడ చెవి పెట్టి విందాం” అనెను.

ఆ నోటికే సీరియల్ కన్సోలని పేరు. తెర, నెట్‌వర్కు మొదలగునవి యంత్రము సంపూర్ణముగా మేల్కొనిన పిమ్మటనే పనిచేయును. మేల్కొనుచున్న దశయందు అది తాను చేయు ప్రతిపనిని ఒక్కొక్క అక్షరముగా ఒక సన్నని తీగపై చెప్పుకొనుచుండును. వినువాడున్నను చెప్పును, లేకున్నను చెప్పును. ఈ పద్ధతికి వయస్సు తక్కువ గాదు. ఫ్రాన్సు దేశపు తంతి యింజనీరగు ఎమీల్ బోడో 1874లో, అక్షరమొకటికి ఐదు సంకేతముల చొప్పున పంపు విధానమునకు పేటెంటు పొందెను. సంకేతముల వేగమును కొలుచు ‘బాడ్’ అను మాట ఆయన పేరునుండి పుట్టినదే. తరువాత తంతిచివరల టైపుయంత్రములు వచ్చినవి. ఈ చివర కొట్టిన యక్షరము ఆ చివర కాగితముపై అచ్చగుచుండెను. టెలెక్సు యంత్రముల వేగము 50 బాడ్. కంప్యూటర్లు పుట్టినపుడు వానితో మాటలాడుటకు ఆ టెలిటైపు యంత్రములనే తగిలించిరి. 1991లో ఫిన్లండు విద్యార్థియగు లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్సులో ఇట్టి వాకిళ్లకు నేటికిని ‘టీటీవై’ అని పేరు. అది టెలిటైపునకు పొట్టిపేరు. మన దేశమున టెలిగ్రాము సేవ 2013 జూలైలో నిలిచిపోయినది. తంతి పోయెనని నాడు విచారించితిమి. దాని పేరు చిన్న పెట్టెలలో ఇంకను బ్రతికియున్నదని మాకప్పుడు తెలియదు.

మేనల్లుడు మూత తెఱచెను. పలకయంచున నాలుగు పిన్నుల వరుస కనబడినది. వానిలో ఒకటి భూమి, అనగా గ్రౌండు. ఒకటి పెట్టె మాటలాడునది. ఒకటి పెట్టె వినునది. నాలుగవది విద్యుత్తు నిచ్చునది. కలుపవలసినవి మొదటి మూడే. నాలుగవదానిని ముట్టనక్కఱలేదు; పెట్టెకు దాని విద్యుత్తు దానికి వచ్చుచునే యున్నది. ఏ పిన్ను ఏదో పలకపై వ్రాసిలేదు. విద్యుత్తు తీసివేసి, మల్టీమీటరుతో లోహపు అంచునకును ఒక్కొక్క పిన్నునకును సంబంధము చూడగా గ్రౌండు తెలిసినది. పిమ్మట విద్యుత్తు నిచ్చి కొలువగా, ఒక పిన్నున వోల్టేజి 3.3 వఱకు ఉండి, పెట్టె మేల్కొనునపుడు తడబడుచుండెను. ఆ తడబాటే మాట. అనగా నాలుగు నెలలుగా మూగయని పేరుపడిన పెట్టె, విద్యుత్తు నిచ్చిన ప్రతిసారియు మాటలాడుచునే యున్నదన్నమాట!

ఇక్కడ ఒక హెచ్చరిక చేయవలెను. పాత కంప్యూటర్ల వెనుక తొమ్మిది పిన్నుల సీరియల్ ద్వారము ఒకటి యుండెడిది. దానిపై వోల్టేజి ధనమునకును ఋణమునకును నడుమ మారును, పదునైదు వఱకు పోవచ్చును. దానిని తెచ్చి నేరుగా ఈ చిన్న పలకకు తగిలించినచో పలక కాలిపోవును. కావున యుఎస్‌బి ద్వారమునకు తగులుకొను వేఱొక తీగ కొనవలెను, అందును 3.3 వోల్టులకు సరిపడునదే కొనవలెను. మేనల్లుడు ఆ తీగను పెట్టెకు తగిలించుటకు ముందే, దాని పంపు కొసను విను కొసను ఒకదానితో నొకటి కలిపి, కంప్యూటరుపై మీటలు నొక్కెను. నొక్కిన యక్షరములు తిరిగివచ్చి తెరపై కనబడినవి. “ముందు మన చెవి బాగుందో లేదో చూసుకోవాలి మామయ్యా. తరవాత ఎదుటివాళ్ల గొంతు సంగతి” అనెను. ఈ మాట మనుష్యుల విషయమునను పనికివచ్చునని మాకు తోచినది.

తీగలు కలుపునపుడు అడ్డముగా కలుపవలెను. పెట్టె పంపునది మన వినుదానికి, మనము పంపునది పెట్టె వినుదానికి. నోరును నోరును కలిపిన సంభాషణ సాగదు గదా! గ్రౌండు రెండింటికి ఉమ్మడిగా నుండవలెను; అది లేకున్న ఏ వోల్టేజికి అర్థము లేదు. ఇవన్నియు సరిపోయిన తరువాత మేనల్లుని కంప్యూటరు ఆ ద్వారము తెఱచుటకు నీకు అధికారము లేదని చెప్పెను. లినక్సులో అట్టి ద్వారములను వాడువారి పేర్లు ‘డయలౌట్’ అను జట్టులో చేరియుండవలెనట. ఆ క్రొత్త కంప్యూటరున వాని పేరు చేరిలేదు. చేర్చి, బయటికి పోయి మరల ప్రవేశించిన పిమ్మట ద్వారము తెఱచుకొన్నది.

అప్పుడు వచ్చినవి అక్షరములు కావు. గవ్వలు చల్లినట్లు చుక్కలు, గీతలు, ప్రశ్నార్థకములు. పెట్టె పిచ్చిదైనదేమో యనుకొంటిమి. అది వేగము కుదరనందున అని మేనల్లుడు చెప్పెను. కంప్యూటరు 9600 వేగమున వినుచున్నది. పెట్టె 115200 వేగమున చెప్పుచున్నది. అక్షరమునకు ఎనిమిది బిట్లు, ముందొక ఆరంభపు బిట్టు, వెనుకనొక ముగింపు బిట్టు, మొత్తము పది. కావున సెకనునకు 11,520 అక్షరములు! టెలెక్సు యంత్రము ఏడవ అక్షరమునకు చేరులోపల ఇది ఒక పుస్తకపు ప్రకరణము చదివివేయును. వేగము సరిచేసినంతనే తెరపై శుద్ధమైన ఆంగ్లాక్షరములు బారులు తీర్చినవి. చెత్తయైనను వచ్చినచో సంతోషింపవలెనని, తీగ సరిగానున్నదనుటకు అదియే సాక్ష్యమని, ఏమియు రాకపోవుటయే చెడ్డ లక్షణమని ఆనాడు నేర్చుకొంటిమి.

పెట్టె ఏమి చెప్పినదో తెలియుటకు, అది ఎట్లు మేల్కొనునో తెలియవలెను. రాయగడ–కోరాపుట్టు రైలుమార్గము 1998లో పూర్తియైనది. కొండల నడుమ, సొరంగములలోనుండి పోవు దారి యది. కోరాపుట్టు స్టేషనులో రైలుకొఱకు వేచియున్నవాడు బండి రాకపోయినచో ఏమి యడుగును? టికిరి దాటినదా? లక్ష్మీపురము రోడ్డు దాటినదా? కాకిరిగుమ్మ దాటినదా? దామనజోడి దాటినదా? ఏ స్టేషను చివరిసారి కబురు చెప్పెనో, అచ్చటికిని తరువాతి స్టేషనునకును నడుమ బండి యున్నది. అంతేగాని మార్గమంతయు చెడినదని ఎవ్వరును అనుకొనరు.

పెట్టె మేల్కొనుటయు అట్లే. మొదట చిప్పులోనే చెక్కియుంచిన చిన్న ప్రోగ్రాము లేచి, తనకంటె కొంచెము పెద్దదానిని లేపును. అది బూట్ లోడరును లేపును. బూట్ లోడరు లినక్సు మూలభాగమగు కెర్నలును జ్ఞాపకములోనికి తెచ్చి, దానికి కొన్ని సూచనలు చేతికిచ్చి, అధికారము నప్పగించి తాను తప్పుకొనును. కెర్నలు తన యింటిని, అనగా ఫైళ్లున్న భాగమును, వెదకి తెఱచి తక్కిన పనివారిని లేపును. ఇది పెద్ద ఉద్యోగి బదిలీ యగునపుడు చార్జి యప్పగించుట వంటిది. మా పెట్టెలోని బూట్ లోడరు యూ-బూట్ అనునది. జర్మనీ దేశీయుడగు వోల్ఫ్‌గాంగ్ డెంక్ 2000 ప్రాంతమున పీపీసీబూట్ అను పేర నడిపిన పని 2002లో ఈ పేరు దాల్చినది. ప్రపంచమునందలి లెక్కలేనన్ని చిన్న యంత్రములలో ఇది గలదు. ఎవ్వరైనను చదివి, మార్చి, ఉచితముగ వాడుకొనవచ్చును.

మా పెట్టె చెప్పిన మాటలను మేనల్లుడు చదువుచుండగా మేము పాత అలవాటు చొప్పున పుస్తకములో ఎక్కించుచుంటిమి. మూడవ పంక్తిలోనే కీలకము కనబడినది. తాను దాచుకొన్న సూచనల చీటీ లెక్క సరిపోలేదనియు, కావున పుట్టినప్పటి చీటీని వాడుచున్నాననియు యూ-బూట్ చెప్పినది. తరువాత కెర్నలు దొరికినది, తెచ్చినాను అనెను. చివరకు “కెర్నలును ఆరంభించుచున్నాను” అని యొక పంక్తి. ఆపైన నిశ్శబ్దము. పది నిమిషములు చూచితిమి. ఒక్క యక్షరము రాలేదు. చివరి కబురు చెప్పిన స్టేషను బూట్ లోడరు. బండి దానిని దాటినది. తరువాతి స్టేషనునుండి కబురు లేదు.

యూ-బూట్ ముందుకు సాగక పూర్వము మూడు, రెండు, ఒకటి అని లెక్కపెట్టును. ఆ లోపల ఏ మీట నొక్కినను ఆగి మన మాట వినును. కాని మా పెట్టె మీట నొక్కినను ఆగలేదు. మాటలు వచ్చుచున్నవి, పోవుటలేదు. తీగ తెగినదా యని మీటరుతో చూడగా బాగుగనే యున్నది. కంప్యూటరులోని మినీకామ్ అను ప్రోగ్రాము, నీవు సిద్ధమా అని అడుగుటకు మఱి రెండు తీగలు గలవని పుట్టుకతోనే భావించి, వానినుండి సమ్మతి కొఱకు ఎదురుచూచుచున్నదట. మూడు తీగల సంభాషణలో అవి లేవు. హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోలు అను ఆ అమరికను తీసివేసినంతనే మీట పనిచేసినది. లెక్క రెండు వద్ద ఆగినది. పెట్టె మా ఆజ్ఞకొఱకు నిలిచినది.

“ఇప్పుడేమి మార్చుదుము?” అంటిమి. “ఏమీ మార్చం. ముందు వున్నదంతా రాసుకుందాం” అని వాడనెను. ఈ యొక్క మాటతో మా మేనల్లుడు మా యిలాకావాడేనని నిశ్చయించుకొంటిమి. ఫైలును ముట్టుటకు ముందు నకలు తీయవలెనని మేము ముప్పదియేడేండ్లు క్రొత్త గుమాస్తాలకు చెప్పినదదియే. పుట్టినప్పటి చీటీలోని సూచనలన్నియు పుస్తకములో వ్రాసితిమి. పిమ్మట వాడు, మార్పులేమియు చేయక చదువుటకు మాత్రమే పనికివచ్చు ఆజ్ఞలతో జ్ఞాపకపు చిప్పును తడవెను. రెండు భాగములు గలవని తెలిసినది. రెండవ భాగములోని అరల పేర్లు చెప్పుమని అడిగెను. కొన్ని పేర్లు తెరపై వచ్చినవి. వానిలో ఉగాది, దసరా, అర్జీలు, చందాలు అనునవి కనబడినవి. ఆ పేర్లు ఆంగ్లాక్షరములలో నున్నను మాకు కండ్లు చెమర్చినవి. ఇంకను కెర్నలు లేవలేదు, పెట్టె బాగుపడలేదు. కాని తాతలు లోపలనే యున్నారు.

ఇక నిశ్శబ్దమునకు కారణము వెదకవలెను. కెర్నలు ఏ వాకిట మాటలాడవలెనో బూట్ లోడరు సూచనల చీటీలో వ్రాసి యిచ్చును. మా పుస్తకములో ఎక్కించుకొన్న చీటీలో ఆ వాకిలి పేరు ‘టీటీవై’ తరువాత రెండు గుండ్రని గుర్తులు. మేము రెండు సున్నలని చదివితిమి. మేనల్లుడు అద్దము తెచ్చి చూపెను: మొదటిది ‘ఓ’ అను ఆంగ్లాక్షరము, రెండవది సున్న. పాత టైపుయంత్రముపై పని చేసినవారికి ఈ చిక్కు తెలియును. మనకును తెలుగున సున్న ఒకచోట అంకె, ఒకచోట అక్షరము. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్సు వారి చిప్పులు గల పలకలపై పాత కెర్నళ్లు ఆ వాకిలిని ‘ఓ’ అక్షరముతో పిలిచెడివి. తరువాతి కెర్నళ్లు ‘ఎస్’ అక్షరముతో పిలుచుచున్నవి. మన పెట్టెలో కెర్నలును ఒకప్పుడు మార్చి క్రొత్తది పెట్టిరి. దానికి తగినట్లు చీటీని తిరుగవ్రాసిరి. విద్యుత్తు పోయి వచ్చిన ఘడియలో ఆ తిరుగవ్రాసిన చీటీ చెడినది. బహుశః పెట్టె అందులో ఏదో లెక్క వ్రాసికొనుచుండగనే దీపము పోయియుండునని మేనల్లుని యూహ. చీటీ చెడగా యూ-బూట్ పుట్టినప్పటి చీటీనే క్రొత్త కెర్నలు చేతికిచ్చినది. కెర్నలు ఆ చీటీ చూచి, ఇప్పుడు లేని వాకిట నిలిచి మాటలాడుటకు పూనుకొన్నది. అచట వినువాడెవ్వడు?

ఆ యొక్క అక్షరమును మార్చి, చీటీని భద్రపఱచక, ఈ యొక్క సారికి మాత్రమే యని కెర్నలును లేపెను. నాలుగు నెలల నిశ్శబ్దము తెగి మాటలు వరదవలె వచ్చినవి. వచ్చి వచ్చి ఒక పంక్తి వద్ద ఆగినవి. ఆ పంక్తికి తెలుగు చెప్పవలెనన్న: “నా యింటికొఱకు నిరీక్షించుచున్నాను.” చీటీలో ఇంటి చిరునామా జ్ఞాపకపు చిప్పు సంఖ్య సున్న యని యున్నది. దానికి పై పంక్తులలోనే కెర్నలు, ఒకటవ సంఖ్య గల చిప్పు నాకు కనబడినదని చెప్పియున్నది. పాత కెర్నలు లెక్కలో సున్నయైనది క్రొత్తదాని లెక్కలో ఒకటి యైనది. ఇల్లు ఎదుటనే యున్నది. చిరునామా మాత్రము పాతది. చెప్పిన యిల్లు వచ్చువఱకు వేచియుండుమని అదే చీటీలో ఆజ్ఞ గలదు గనుక, అది నాలుగు నెలలు వేచియున్నది.

సున్నను ఒకటి చేసితిమి. పెట్టె లేచినది. అయినను తొందరపడి చీటీని భద్రపఱచలేదు. ముందుగా లోని ఫైళ్లన్నియు మఱియొక డిస్కులోనికి నకలు తీసితిమి. అది తెల్లవాఱువఱకు సాగినది. తరువాత ఫైళ్ల భాగమును పరీక్ష చేయించి, రెండుమాఱులు ఆపి లేపి, పిమ్మటనే చీటీని భద్రపఱచితిమి. మారినవి రెండే గుర్తులు. ఒక అక్షరము, ఒక అంకె.

ఈ పని యంతయు ముగిసిన పిమ్మట మాకు గిడుగు రామమూర్తి పంతులుగారు జ్ఞాపకమునకు వచ్చిరి. 1863లో జన్మించిన ఆ మహనీయుడు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడై, కొండలలోని సవరల భాషను వినివిని నేర్చి, దానికి వ్యాకరణ గ్రంథమును 1931లో ప్రకటించెను. ఆ సవరలు నేటికిని మన గుణుపురము కొండలలో గలరు. నాటి నాగరికులలో అనేకులు సవరలకు చెప్పుకోదగిన భాష లేదనుకొనిరి. లేకపోవుటేమి? వినువాడు లేడు, అంతే. పంతులుగారు వారి వాకిటనే కూర్చుండి వినిరి. (ఇంతటి వ్యావహారికవాదిని గ్రాంథికములో స్తుతించుచున్నందుకు వారి యభిమానులు మమ్ము మన్నింతురు గాక!)

మన యిండ్లలో ఇప్పుడొక మాట తఱచుగా వినబడుచున్నది: మా పిల్లలకు తెలుగు రాదు, పోయినది. వారు ఒడియా, హిందీ, ఆంగ్లము మాటలాడుదురు. మనము తెలుగున పిలిచినచో పలుకరు. పోయినదని నిర్ణయించుటకు ముందు, ఏ వాకిట చెవి పెట్టి చూచితిమో యోచింపవలెను. మా గ్రంథాలయమునకు వచ్చు ఒక బాలిక మాతో ఎల్లప్పుడును ఒడియాలోనే మాటలాడును. పెట్టె బాగుపడిన పిమ్మట పాత ఛాయాచిత్రములు చూపుచుండగా, ఆ పిల్ల ఒకదానిని చూచి, “ఇదిగో మా ముత్తమ్మమ్మ! మా యింట్లో యిదే ఫోటో వుంది” అని అచ్చమైన తెలుగున కేక వేసినది. ఆ తెలుగు ఎచ్చటనుండి వచ్చినది? లోపలనే యున్నది. మనము సభలలోను, పద్యపఠన పోటీలలోను దానిని పిలిచితిమి. అది ఆ వాకిట లేదు. మన పాత చిరునామాకు వారిని రమ్మనుటకంటె, వారు నిలిచిన వాకిలి యేదో కనుగొనుట సులభము. మారవలసినది ఒక అక్షరమో, ఒక అంకెయో మాత్రమే కావచ్చును.

ఇప్పుడు చందాల పద్దులు మొదలగువానికి మూడు ప్రతులు గలవు. ఒకటి పెట్టెలో, ఒకటి రాయగడలోని డిస్కులో, ఒకటి కోరాపుట్టున మేనల్లుని యొద్ద. పెట్టె మూతకు లోపలివైపున ఒక కాగితము అంటించితిమి. దానిపై ఏ పిన్ను ఏది, వేగమెంత, వాకిలి పేరేమి, చిప్పు సంఖ్య యేమి అనునవి తెలుగున వ్రాసితిమి; ‘ఓ’ అక్షరమునకును సున్నకును భేదము తెలియునట్లు సున్నకు అడ్డగీత కూడ గీచితిమి. మాకు తరువాత వచ్చు గుమాస్తా యెవ్వరో తెలియదు గాని, వానికి మొదటి పుట మేము వ్రాసియుంచితిమి. ఇండ్లలో పాత శుభలేఖలు, నాటకపు ప్రతులు, ఉత్తరములు గలవారు ఆదివారము సాయంకాలమున గ్రంథాలయమునకు తెచ్చినచో, ఒక గంటలో నకలు తీసి మూలప్రతిని తిరిగి యిచ్చెదము. వచ్చునపుడు పిల్లలను కూడ వెంట తీసికొని రావలెనని ప్రార్థన.